హోమ్స్ పేరు రాని హోమ్స్ కథ: ఫ్యాన్ ఫిక్షన్ రాసిన నా అనుభవం

మే మొదటి వారంలో మొదలుపెట్టిన కథ సంక్రాంతి వారంలో బయటికి వెళ్లింది. అందులో రాతకి పట్టిన కాలం మూడో వంతు కూడా ఉండదు. మిగతాదంతా చదవడం, సరిచూసుకోవడం, ఇంకొకరి జవాబు కోసం ఎదురుచూడటం. ఫ్యాన్ ఫిక్షన్ అంటే ఇంకొకరు సృష్టించిన పాత్రలతో అభిమానులు రాసే కథ. పాత్రలు రెడీమేడ్‌గా దొరుకుతాయి కాబట్టి సులువు అనుకునేవాళ్లున్నారు. తెలుగులో రాద్దామని చూస్తున్నవాళ్లకి పనికొస్తుందని, జరిగింది జరిగిన వరసలో చెబుతున్నాను.

ఎంచుకున్నది షెర్లాక్ హోమ్స్. హక్కుల పేచీ లేదు. అతన్ని సృష్టించిన కానన్ డాయల్ 1930లో పోయారు, మన చట్టంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు లెక్క. అమెరికాలో చివరి కథల గడువు కూడా 2023 జనవరి 1తో తీరిపోయింది. అసలు ఆకర్షణ మాత్రం అది కాదు, ఆయన పూడ్చకుండా వదిలేసిన ఖాళీలు. 1891 మే 4న హోమ్స్ స్విట్జర్లాండ్‌లో జలపాతంలో పడి పోయాడని లోకం అనుకుంటుంది. 1894 వసంతంలో లండన్‌లో ప్రత్యక్షమై, ఇన్నాళ్లూ ఎక్కడున్నాడో తన కథలు చెప్పే స్నేహితుడు వాట్సన్‌కి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాడు: రెండేళ్లు టిబెట్, సిగర్సన్ అనే నార్వే యాత్రికుడి పేరుతో. తర్వాత పర్షియా, మక్కా, ఖార్టూమ్. ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో కొన్ని నెలలు తారు రసాయనాల మీద పరిశోధన. మూడేళ్లకి అంతే. టిబెట్ దాకా వచ్చినవాడు ఇండియాలో అడుగు పెట్టలేదా అన్న ప్రశ్న పాతదే, దాని మీద బోలెడుమంది రాశారు. ఇండియాకి రావడానికి కారణం కావాలి కదా! నేను ఆగిపోయింది అక్కడ.

కారణం అతను తిరిగొచ్చే ఆ కథలోనే ఉంది. హోమ్స్‌ని వేటాడుతున్న కర్నల్ మోరన్ గురించి, అతను పూర్వం ఒకటో బెంగుళూరు పయనీర్స్‌లో చేశాడని రాసి ఉంటుంది. బహిరంగంగా ఏ రచ్చా కాకపోయినా అతను ఇండియాలో ఉండలేని పరిస్థితి తెచ్చుకున్నాడని ఒక్క వాక్యం. ఏం చేశాడో డాయల్ చెప్పలేదు. పైగా ఆ పేరుతో నిజంగా పటాలమే లేదు, మద్రాసు పయనీర్లు ఉండేవాళ్లు. అంటే మిలిటరీ రికార్డులతో తగువు రాదు. మోరన్ పాత పాపం తవ్వడానికి హోమ్స్ మద్రాసు ప్రెసిడెన్సీకి వస్తాడు. ఆ పాపానికి సాక్షి ఒకరు రాజమండ్రిలో ఉంటారు. కథ దొరికింది.

దొరికిన మర్నాడే రాయడం మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆ ఊపులో మొదలుపెట్టినవి చాలావరకు మూడో అధ్యాయంలో ఆగిపోతాయి. నేను ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, పేజీని నిలువుగా రెండుగా మడిచి, ఎడమవైపు మూలంలోని వాక్యం, కుడివైపు ఆ వాక్యం వల్ల నా కథలో జరగకూడనిది రాసుకుంటూ పోయాను. హోమ్స్ బతికున్నాడని, శత్రువులు కాక, అతని అన్న మైక్రాఫ్ట్‌కి ఒక్కడికే తెలుసు అని ఎడమవైపు. కాబట్టి రాజమండ్రిలో ఎవరికీ తెలియకూడదు అని కుడివైపు. మోరన్ 1894 దాకా లండన్‌లో స్వేచ్ఛగా తిరిగాడు. కాబట్టి హోమ్స్‌కి ఇక్కడ దొరికిన సాక్ష్యం కోర్టుకి పనికిరాకుండా పోవాలి. ఇవి రెండూ రాసుకునేసరికి కథ ముగింపు నా చేతిలోంచి జారిపోయింది. సాక్షి బతకకూడదు, హోమ్స్ గెలవకూడదు. ఇంకో సంగతి, కథ చెప్పే మనిషికి ఈ సిగర్సన్ ఎవరో చివరి దాకా తెలియకూడదు కాబట్టి కథ మొత్తంలో హోమ్స్ అన్న మాటే రాకూడదు. ఆ రాత్రి కొంచెం నీరసం వచ్చిన మాట నిజం. తర్వాత చూస్తే కథకి ప్రాణం పోసింది ఆ కట్టుబాటే.

పేరు చెప్పకుండా మనిషిని గుర్తు పట్టించాలంటే అందరికీ తెలిసిన టోపీ, వంపు పైపు పెట్టేయడం దగ్గర దారి. వాటిని వాడలేదు. ఆ టోపీ బొమ్మలు వేసినాయన చలవ, వంపు పైపు నాటకాల వాళ్ల చలవ. మూలంలో పట్టుకోదగ్గవి వేరే ఉన్నాయి. వేళ్ల కొనలు కలిపి కళ్లు మూసుకుని వినడం, పొగాకు బూడిద చూసి రకం చెప్పడం. 140 రకాల పొగాకు బూడిద మీద తానొక చిన్న పుస్తకం రాశానని అతనే చెప్పుకుంటాడు. తిరుచిరాపల్లి చుట్ట బూడిద నల్లగా ఉంటుందనీ అంటాడు. అక్కడ నాకు గోదావరి లంకలు గుర్తొచ్చాయి. లంక పొగాకు ఆ రోజుల్లో పేరున్న సరుకు, చుట్టల కోసం రంగూన్ దాకా వెళ్లేది. సిగర్సన్ దొర రాజమండ్రిలో ఒక చుట్ట పీక ఎత్తి చూసి, లంక పొగాకని చెప్పేస్తాడు. కానీ ఆ పీక కాలిన కొసన తడిసి ఉంటుంది. అది అతనికి అంతుపట్టదు. పక్కనున్న కుర్రాడికి క్షణం పట్టదు: అది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు విశాఖ, శ్రీకాకుళం వైపు ఆడవాళ్లలో ఎక్కువ. అంటే హత్య జరిగినప్పుడు అక్కడ ఒక ముసలామె ఉంది, ఆమె ఈ ఊరిది కాదు.

ఈ చుట్ట పీక వల్ల ఇంకో పెద్ద చిక్కు తీరింది. మనం కల్పించి మూలంలోకి దింపే కొత్త పాత్రని ఓసీ అంటారు. ఓసీ మరీ తెలివైనదైతే హోమ్స్ వెర్రివాడవుతాడు. అలాంటి పాత్రలని వెక్కిరిస్తూ 1973లో ఒకావిడ స్టార్ ట్రెక్ అభిమానుల పత్రికలో రాసిన చిన్న కథ నుంచే మేరీ స్యూ అన్న మాట పుట్టింది. మరీ మొద్దయితే ఓసీ దేనికి, వాట్సన్ నకలు ఎవరికి కావాలి? నేను పెట్టుకున్న కొలత ఇది: ఊరికి సంబంధించినది కుర్రాడికి తెలియాలి, తర్కం హోమ్స్ చెయ్యాలి. ఒకరి పని ఇంకొకరు చేస్తే ఆ సీను కొట్టేయాలి. కొట్టేశాను కూడా, అందులో ఒకటి నాకు బాగా ఇష్టమైన సీను.

ఆ కుర్రాడు రాజమండ్రి కాలేజీలో ఎఫ్.ఎ. (అప్పటి ఇంటర్ లాంటిది) చదువుతుంటాడు. అతనే కథ చెబుతాడు. ఇక్కడ భాష అడ్డొచ్చింది. 1890లలో చదువుకున్న కుర్రాడు కాగితం మీద గ్రాంథికమే రాస్తాడు, మాట్లాడే భాష రాయడు. అందుకని అతన్ని ముసలివాణ్ని చేసి, 1930లలో జ్ఞాపకాలు రాసుకుంటున్నట్టు పెట్టాను. అప్పటికి వాడుక భాషలో రాయడం వింత కాదు. సంభాషణలకి మాత్రం నాటి నోటి మాటే కావాలి. దానికి కన్యాశుల్కం కన్నా నమ్మకమైనది లేదు. అది 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన నాటకం. అచ్చు పుస్తకం తీసుకునేటప్పుడు చూసుకోండి, మనం మామూలుగా చదివేది 1909 నాటి పెంచి రాసిన కూర్పు. 1897 కూర్పు వేరే ఉంది, నేను దాన్నే దగ్గర పెట్టుకున్నాను. ఏదైనా మాట ఆ కాలంలో ఉందా లేదా అని అనుమానం వస్తే 1852 నాటి బ్రౌన్ నిఘంటువు. అందులో లేనంత మాత్రాన మాట లేదని కాదు, కానీ ఉంటే మాత్రం ధైర్యం.

జూన్, జూలై ఈ చదువులతోనే గడిచాయి. గోదావరి జిల్లా గురించి హెన్రీ మోరిస్ 1878లో రాసిన పుస్తకం, హెమింగ్వే రాసిన జిల్లా గెజిటీర్ రెండూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకసారి రాజమండ్రి వెళ్లి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేశాను. బస్సు టికెట్లు, భోజనం, జిరాక్సులు కలిపి వెయ్యి రూపాయల లోపు. మొత్తం పనికి చేతి డబ్బు పెట్టింది అంతే. గ్రంథాలయాల్లో వెతకడానికి వెళ్లేవాళ్లు ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. పాత పత్రికల్లో ప్రకటనలు చదువుతూ కూర్చుంటే పూట గడిచిపోతుంది, కావలసింది మిగిలిపోతుంది. (ఆ ప్రకటనలు కూడా పనికొస్తాయి. ధరలు అక్కడే తెలుస్తాయి. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు అని తెలిసినా, ఒక వస్తువుకి ఎన్ని అణాలో తెలియకపోతే బేరం సీను రాయలేం.)

నేను మొదట వేసుకున్న పథకంలో కథాకాలం 1893 సెప్టెంబరు. టిబెట్ రెండేళ్లు అయిపోతాయి, గోదావరి వరద మీద ఉంటుంది, బెజవాడ నుంచి కటకం దాకా రైలు మార్గం 1893, 96 మధ్య ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటోంది. హేవలాక్ వంతెన పని 1897లో మొదలై 1900లో గానీ రాకపోకలు మొదలవలేదు కాబట్టి రైలు దిగి వరద గోదావరిని పడవ మీద దాటాలి. చూడ్డానికి ఎంత బాగుంటుంది! ఆగస్టు చివరికి రెండు అధ్యాయాలు ఆ పడవ మీదే రాశాను.

ఇక ఎండగడియారం. అన్నవరం కొండ మీద ఉన్నది చూసినప్పటి నుంచీ దాన్ని ఏదో ఒక కథలో వాడాలని ఉండేది. అది 1943లో కట్టింది, నా కథకి పనికిరాదు. అందుకని ఒక దొర బంగళా తోటలో చిన్న ఎండగడియారం కల్పించాను. అప్పట్లో తంతి ఆఫీసులు, రైళ్లు మద్రాసు టైము పాటించేవి, ఇప్పటి మన భారత కాలమానం 1906 నుంచి వచ్చింది. రాజమండ్రి మద్రాసుకి తూర్పున సుమారు ఒకటిన్నర డిగ్రీ దూరంలో ఉంది. డిగ్రీకి 4 నిమిషాలు. అంటే రాజమండ్రి సొంత టైము తంతి ఆఫీసు గడియారం కన్నా 6 నిమిషాలు ముందు. హత్య ఎండగడియారంలో 11:40కి జరిగింది, అనుమానితుడు తంతి ఆఫీసులో టెలిగ్రాం ఇచ్చిన టైము 11:40. ఒకే సమయంలో రెండు చోట్ల ఉండలేడు కాబట్టి నిర్దోషి. కానీ రెండు గడియారాలు ఒకటి కావు.

బాగానే ఉంది గానీ 6 నిమిషాల్లో మనిషి ఎంత దూరం వెళ్తాడు? అక్కడ కథ బిగుసుకుపోయింది. మన రాతని అచ్చుకి ముందు చదివి తప్పులు పట్టేవాళ్లని బీటా అంటారు. నాకు ఇద్దరు. ఒకావిడకి హోమ్స్ కథలు కంఠతా వచ్చు. రెండోవారు ఫిజిక్సు లెక్చరర్‌గా రిటైరైన మా మాస్టారు. ఫ్యాన్ ఫిక్షన్ అంటే ఏమిటో ఆయనకి నేనే చెప్పాను. సెప్టెంబరులో ఫైలు పంపితే మూడు వారాలు చప్పుడు లేదు. కథ నచ్చలేదేమో, మొహమాటపడుతున్నారేమో అని మధనపడ్డాను. దసరా ముందు ఫోను చేశారు.

"నీ కథ ఏ నెలలో జరుగుతోందోయ్?"

"సెప్టెంబరు, మాస్టారూ. గోదావరి వరద కావాలి."

"వరద కావాలా, హత్య కావాలా? ఎండగడియారానికి నవంబరంత మంచి నెల లేదు."

ఆయన చెప్పింది ఇది. ఎండగడియారం చూపించేది సూర్యుడి టైము. మామూలు గడియారం చూపించేది ఏడాది మొత్తానికి సగటు కట్టిన టైము. భూమి కక్ష్య పూర్తి గుండ్రంగా ఉండదు, భూమి అక్షం వాలి ఉంటుంది, అందువల్ల ఈ రెండూ ఏడాదిలో నాలుగు రోజులు మాత్రమే కలుస్తాయి. సెప్టెంబరు 1 ప్రాంతంలో తేడా సున్నా. నవంబరు మొదటి వారంలో ఎండగడియారం 16 నిమిషాలు ముందుంటుంది. దానికి నా 6 కలిపితే 22. అంటే ఎండగడియారం 11:40 చూపిస్తున్నప్పుడు తంతి ఆఫీసులో 11:18. ఆ 22 నిమిషాల్లో మనిషి గోదావరి గట్టు మీంచి తాపీగా నడిచి వెళ్లి టెలిగ్రాం ఇచ్చుకోగలడు. రసాయనం, లెక్కలు ఇష్టపడే హోమ్స్‌కి ఇంతకన్నా తగిన ఆధారం నేను కూర్చుని కల్పించలేను. ఫోను పెట్టేశాక సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు నోట్‌బుక్ తీసేసరికి సంతోషం సగమైంది. 1893 నవంబరులో హోమ్స్ రాజమండ్రిలో ఉంటే, 1894 మార్చి ఆఖరులోగా పర్షియా, మక్కా, ఖార్టూమ్ తిరిగి మాంపెలియేలో కొన్ని నెలలు ఉండటం కుదరదు. ఇంకా ఓడ ప్రయాణాలున్నాయి. కాబట్టి ఏడాది వెనక్కి, 1892 నవంబరు. అప్పుడు టిబెట్ రెండేళ్లు నిండవు. దానికి మొదటి బీటా దారి చూపించింది: రెండేళ్లూ ఒకే పట్టున ఉన్నాడని ఎక్కడా లేదు, చలికాలంలో కనుమలు మంచుతో మూసుకుపోతాయి, ఆ విరామంలో డార్జిలింగ్ మీదుగా కలకత్తా దిగాడని పెట్టు. సరే. కానీ 1892 అయితే రాజమండ్రికి రైలు లేదు. నా పడవ సీనులో రైలు ప్రయాణికులు మాయం. వరద కూడా మాయం. కలకత్తా నుంచి కాకినాడ దాకా స్టీమరు, అక్కడి నుంచి ధవళేశ్వరం దాకా కాలవ పడవ, ఇదే మిగిలింది. రెండు అధ్యాయాలు పూర్తిగా పోయాయి. నెల మారిస్తే ఇంత జరుగుతుంది కాబట్టి, చారిత్రక నేపథ్యంతో రాసేవాళ్లు నెల, తేదీ ఖాయం చేసుకున్నాకే మొదటి సీను రాయడం మంచిది. ఇంకోటి మర్చిపోకూడదు: నవంబరు మనకి తుపాన్ల కాలం. మబ్బు పడితే ఎండగడియారం పనిచేయదు. హత్య రోజు ఎండ, మర్నాటి నుంచి ముసురు అని పెట్టాను. ముసురు వల్ల హోమ్స్ ఆ గడియారాన్ని పరీక్షించలేక మూడు రోజులు గదిలో పచార్లు చేస్తాడు. అది నేను అనుకోకుండా వచ్చిన సీను, అందరికీ నచ్చింది కూడా అదే.

ఏడాది మారడం వల్ల ఒక లాభం. హోమ్స్ చనిపోయాడన్న రాయిటర్ వార్త 1891 మే 7న ఇంగ్లీషు పత్రికల్లో వచ్చిందని మూలంలోనే ఉంది. కాలేజీ కుర్రాడు ఆ వార్త చదివే ఉంటాడు. అందుకే ఎదుట ఉన్న మనిషి మీద అతనికి ఆ అనుమానమే రాదు.

అక్టోబరు, నవంబరు నెలల్లో రోజూ తెల్లవారుజామున రాసుకున్నాను. పిలుపుల దగ్గర కొంత తన్నుకులాడాను. ఆ కాలపు కుర్రాడు తెల్లవాణ్ని దొరగారూ అనక తప్పదు. సిగర్సన్ మాత్రం అతన్ని మీరు అనే అంటాడు. ఇంట్లో వంటమనిషితో సహా అందరూ ఏరా అని పిలిచే కుర్రాడికి ఆ మీరు కొత్త. వాళ్ల స్నేహం గురించి నేను వేరే ఒక్క వాక్యం కూడా రాయాల్సిన పని లేకపోయింది.

టైపింగ్ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. సిగర్సన్‌తో, వాట్సన్‌కి లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనిపించని విడదీత అక్షరం ఒకటి కొట్టాలి. లేకపోతే న కింద త వత్తు చేరి చదవడానికి వీల్లేకుండా పోతుంది. కథ నిండా విదేశీ పేర్లే అయినప్పుడు ఇది వందల చోట్ల వస్తుంది. కొన్ని యాప్‌ల ద్వారా ఫైలు పంపితే ఆ అక్షరం రాలిపోతుంది కూడా. ఫైలుని డాక్యుమెంటుగానే పంపండి, మెసేజీలో అతికించకండి. డీటీపీ వాళ్ల అను ఫాంట్లలో ఉన్నది యూనికోడ్‌లోకి మార్చకుండా ఎక్కడా ఎక్కించలేరు.

ప్రచురించడానికి ఫ్యాన్ ఫిక్షన్ వెబ్‌సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో ఖాతాకి ఆహ్వానం అడిగాను. అందరూ ఏఓ3 అంటారు. వెంటనే ఇవ్వరు, వరసలో ఉంచుతారు. నాకు వారంలోపే వచ్చింది. డ్రాఫ్టుగా పెట్టుకున్నది నెల దాటితే దానంతటదే చెరిగిపోతుంది, అక్కడే దాచుకుందామనుకోకండి. డబ్బు అడగడం, చందా లింకులు పెట్టడం కుదరదు. పుస్తకాల హోమ్స్‌కి, టీవీ హోమ్స్‌కి వేర్వేరు ట్యాగులు ఉంటాయి. తప్పు ట్యాగు కింద పెడితే వేరే హోమ్స్ కోసం వచ్చినవాళ్లు విసుక్కుని వెళ్లిపోతారు. నాకు తల నొప్పి తెచ్చింది ఇంకొకటి: కథలో హోమ్స్ పేరే లేదు, ట్యాగులో ఉంది. రహస్యం తలుపు దగ్గరే తెలిసిపోతోంది! ట్యాగు తీస్తే చదివేవాళ్లే రారు. ఉంచాను. చదివేవాళ్లకి తెలిసి, చెప్పేవాడికి తెలియకపోవడంలోనే మజా ఉందని నా లెక్క.

సంక్రాంతి వారంలో మొదటి అధ్యాయం, తర్వాత శనివారం శనివారం ఒకటి. మొదటి రెండు వారాలు నిశ్శబ్దం. రోజుకి ఎన్నిసార్లు చూసుకున్నానో చెబితే నవ్వుతారు. తెలుగు చదివేవాళ్లు అక్కడ తక్కువని తెలిసే పెట్టాను, అయినా మనసు ఒప్పుకోదు. మూడో అధ్యాయానికి పేరు లేని ఒక పాఠకుడి నుంచి కామెంటు: అడ్డపొగ తాగేవాళ్లు బూడిద ఉమ్మేస్తారు కదా, మరి బూడిద ఎక్కడిది అని. మా మామ్మ ఇలాగే కాల్చేది అని కూడా రాశారు. ఆయన అడిగింది సబబే, అయితే కథలో హోమ్స్ చూసింది బూడిద కాదు, పీకలోని ఆకు. అదే జవాబిచ్చి, మామ్మ ఏ ఊరో అడిగాను. పలాస దగ్గరట. అక్కడి మాట తీరు రెండు వాక్యాలు ఆయన రాసి పంపితే, ఆరో అధ్యాయంలో ముసలామె సంభాషణ సరిచేసి అప్పుడు ఎక్కించాను.

చివరి అధ్యాయం కింద సగం మంది ఒకటే అడుగుతున్నారు, ఇప్పుడు పర్షియా ఎప్పుడని. పర్షియాకి నా దగ్గర గెజిటీరూ లేదు, మాస్టారూ లేరు. ప్రస్తుతం నోట్‌బుక్‌లో ఎడమవైపు ఖార్టూమ్ అని రాసి, కుడివైపు ఖాళీగా ఉంచాను.